వెనక్కి తిప్పని చీటీ

భోజనం చేసి క్లాసులోకి వచ్చేసరికి తాడు మీద ఒక క్లిప్పు ఖాళీగా ఉంది.

చిటపట గుమ్మంలోనే ఆగిపోయింది. నీలం రంగు క్లిప్పు. కిటికీ వైపు నుంచి ఏడోది. పొద్దున దానికి తన చీటీ వేలాడుతూ ఉంది. ఇప్పుడు క్లిప్పు మాత్రమే మిగిలింది.

"నా చీటీ ఎవరు తీశారు?" అని అరిచింది.

ముందు బెంచీ వాళ్లు చెవులు మూసుకున్నారు. వాళ్లకి అలవాటే. వేడి పెనం మీద నీళ్లు చల్లితే ఎలా ఉంటుందో, ఈ పిల్లకి కోపం వస్తే అలా ఉంటుంది. అందుకే బడిలో అందరూ చిటపట అని పిలుస్తారు. అలా పిలిస్తే కూడా కోపమే.

కానీ ఈసారి ఆ కోపంలో న్యాయం ఉంది. అదేమిటో తెలియాలంటే ముందు ఆ తాళ్ల సంగతి చెప్పాలి.

అయిదో తరగతి ఇంగ్లీషు టీచర్ సోమవారం బోర్డు మీద ఒకే ఒక్క మాట రాసింది. కేస్.

"ఈ మాట ఒంటరిగా తిరగదు. ఎప్పుడూ ఇంకో మాట చెయ్యి పట్టుకునే కనిపిస్తుంది," అంది. "పక్కన ఎవరున్నారో చూస్తేనే దీని అర్థం తెలుస్తుంది. వెళ్లి ఆ జంటల్ని పట్టుకురండి. పుస్తకాల్లోంచి కాపీ కొడితే ఊరుకోను. చెవితో విన్నదో, కంటితో చూసిందో అయ్యుండాలి."

క్లాసులో నాలుగు తాళ్లు కట్టారు. సూట్ కేస్, పెన్సిల్ కేస్ లాంటివి పెట్టె తాడు మీదికి. కోర్ట్ కేస్, పోలీస్ కేస్ కోర్టు తాడు మీదికి. సీరియస్ కేస్, ఎమర్జెన్సీ కేస్ ఆసుపత్రి తాడు మీదికి. జస్ట్ ఇన్ కేస్ లాంటివాటికి నాలుగో తాడు. దానికి పిల్లలే 'ఒకవేళ తాడు' అని పేరు పెట్టారు.

చీటీ ముందువైపు మాటల జంట రాయాలి. అది ఎవరి దగ్గర విన్నారో, ఏమిటో వెనకవైపు రాయాలి. రోజుకొకరు తాడు పెద్ద. తప్పు తాడు మీద ఉన్న చీటీని తీసి బూట్ల డబ్బాలో వేసే అధికారం తాడు పెద్దది. తీసేముందు వెనక్కి తిప్పి చదవాలి. అప్పటికీ అర్థం కాకపోతే రాసినవాళ్లను అడగాలి. టీచర్ ఈ రెండు ముక్కలూ మూడుసార్లు చెప్పింది.

ఇవాళ గురువారం. సాయంత్రం నాలుగింటికి ఇళ్ల నుంచి పెద్దవాళ్లు వస్తారు. ఎవరి మాట తాడు మీద ఉంటే వాళ్లింటి పెద్దవాళ్లు ఆ మాట గురించి రెండు నిమిషాలు చెప్పాలి.

చిటపట చీటీ మీద ఉన్నది వాళ్లమ్మ మాట. ట్రయల్ కేస్.

అమ్మ కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. అక్కడ మెత్తటి గుడ్డ పరిచిన ఒక పెట్టె ఉంటుంది. దాన్ని తెరిస్తే గుండ్రటి అద్దాలు వరసగా నిలబడి కనిపిస్తాయి. ఒక్కో అద్దం తీసి మనిషి కంటి ముందు పెట్టి, "ఇది బాగుందా, ముందుదా?" అని అడగడమే అమ్మ పని. ఇంట్లో కూడా అదే మాట. జడ వేసి, "ఇది బాగుందా, ముందుదా?" అంటుంది. దుప్పటి మార్చినా అంతే. ఆ అద్దాల పెట్టె పేరే ట్రయల్ కేస్.

ఇవాళ ఆ పెట్టె పట్టుకుని రావడానికి అమ్మ షాపు ఓనర్‌ని ఒక గంట పర్మిషన్ అడిగింది. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో అలా అడగడం అదే మొదటిసారి. పొద్దున చీర కూడా రెండుసార్లు మార్చింది.

తీరా వచ్చాక తాడు మీద ఖాళీ క్లిప్పు చూస్తే? అమ్మ ఏమీ అనదు. నవ్వి, పెట్టె పట్టుకుని వెనక వరసలో కూర్చుంటుంది. అది తలుచుకుంటేనే చిటపటకి ఒళ్లు మండిపోయింది.

"ఇవాళ తాడు పెద్ద ఎవరు?"

"నేనే. ఏం?" అన్నాడు లాయరు.

లాయరు నిజం లాయరు కాదు. వాడికీ పదేళ్లే. అన్నం ముద్ద నోట్లో ఉన్నా వాదించడం ఆపడు కాబట్టి ఆ పేరు.

"నా చీటీ ఎందుకు తీశావురా?"

"ట్రయల్ అంటే కోర్టులో విచారణ. మా బాబాయి కోర్టులోనే టైపిస్టు. నాకు తెలీదా? కోర్టు మాట తెచ్చి పెట్టె తాడుకి కడితే చూస్తూ ఊరుకోవాలా?"

"వెనక్కి తిప్పి చూశావా?"

"తెలిసినదానికి తిప్పడమెందుకు?"

"నన్ను అడిగావా?"

"నువ్వు భోజనానికి వెళ్లావు కదా."

"మహా తెలిసినవాడివి బయల్దేరావు! మా అమ్మ తొమ్మిదేళ్లుగా ఆ పెట్టెతో పనిచేస్తోంది. ఒక్కరోజు కూడా ఆ పెట్టెని చూడని నువ్వు కాదంటే కాకుండా పోతుందా?"

"అయితే కేసు పెట్టుకో," అన్నాడు లాయరు.

చిటపట పెట్టనే పెట్టింది. అగ్గి మీద గుగ్గిలంలా స్టాఫ్ రూముకి వెళ్లి, నోట్సులు దిద్దుకుంటున్న టీచర్‌ని చేతిలో ఎర్ర పెన్నుతో సహా క్లాసుకి తీసుకొచ్చింది.

"ఇవాళ తాడోపేడో తేలిపోవాలి టీచర్. తిప్పి చదవమన్నారు, చదవలేదు. అడగమన్నారు, అడగలేదు. ఇదేం అన్యాయం?"

"అన్యాయమే," అంది టీచర్. "ఏం చేద్దామంటావు?"

"చదవకుండా చీటీ తీసినవాళ్లు సాయంత్రం అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకోవాలి. ఎవరి మాట తీశారో ఆ పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి మరీ చెప్పాలి. అప్పుడుగాని బుద్ధి రాదు!"

"ఈ రూలు అందరికీనా?"

"అందరికీ టీచర్! ఎవరైనా సరే!"

టీచర్ ఆ రూలు బోర్డు మీద రాసింది. కింద గీత కూడా గీసింది. తర్వాత బూట్ల డబ్బా తెచ్చి చిటపట చేతికిచ్చింది.

"ఇందులో ఉన్న చీటీలన్నీ రెండువైపులా పైకి చదువు."

డబ్బాలో నాలుగు చీటీలున్నాయి. మొదటిది తనదే. చిటపట గొంతు పెంచి చదివింది. మెత్తటి గుడ్డ, గుండ్రటి అద్దాలు, అమ్మ అడిగే ప్రశ్న, అన్నీ చదివింది. క్లాసంతా లాయరు వైపు తిరిగింది. లాయరు చెవులు ఎర్రబడ్డాయి.

"పెట్టె అని నాకేం తెలుసు..." అని గొణిగాడు. "సరే. సాయంత్రం మీ అమ్మగారికి చెబుతాలే."

రెండో చీటీ, మూడో చీటీ నిజంగానే తప్పు తాడు మీద పెట్టినవి. రాసినవాళ్లే నవ్వుతూ ఒప్పుకున్నారు.

చిటపట నాలుగోది తీసింది. ముందువైపు 'లోయర్ కేస్' అని ఉంది. అక్షరాలు పొందిగ్గా, దేనికదే విడివిడిగా ఉన్నాయి. ఆ చేతిరాత చిటపటకి గుర్తే.

"వెనకవైపు కూడా," అంది టీచర్.

చిటపట చీటీ తిప్పింది. ఇందాకటి గొంతు ఎటు పోయిందో తెలియదు.

"'మా తాతయ్య ప్రెస్సులో పనిచేసేవాడు. అప్పట్లో కంప్యూటర్లు లేవు. సీసంతో చేసిన అక్షరాలు ఒక్కొక్కటే చేత్తో తీసి పేర్చేవాడు. ఆయన ముందు రెండు చెక్క పెట్టెలుండేవి. పై పెట్టెలో ఇంగ్లీషు పెద్దక్షరాలు. కింది పెట్టెలో చిన్నక్షరాలు. అందుకే చిన్నక్షరాలకి ఆ పేరొచ్చింది. కింది పెట్టె మా ఇంట్లో ఇంకా ఉంది.'"

"అబ్బో!" అన్నారెవరో.

"అంటే లోయర్ కేస్ నిజంగా పెట్టేనా?" అని లాయరు ఆశ్చర్యపోయాడు. వెంటనే వాడిలోని లాయరు లేచి కూర్చున్నాడు. "ఆగండాగండి. ఇది నేను తియ్యలేదు. నిన్న తాడు పెద్ద ఎవరు?"

ఎవరూ చెప్పనక్కర్లేదు. నిన్నంతా కుర్చీ ఎక్కి నిలబడి, పోలీసులా ప్రతి చీటీనీ చూసింది చిటపటే.

"గురివింద గింజకి తన కింద నలుపు కనపడదట," అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు.

ఇంకో రోజైతే ఆ మాటన్నవాళ్ల పని అయిపోయేదే. ఇవాళ చిటపట వెనక్కి కూడా తిరగలేదు. నాది వేరు, అనుకుంది. నిన్న చాలా చీటీలున్నాయి. లోయర్ కేస్ అంటే చిన్నక్షరాలని పుస్తకంలోనే ఉంది. చిన్నక్షరాలు పెట్టె ఎలా అవుతాయి? నాది వేరే. ఎలా వేరో ఎంత వెతికినా దొరకలేదు.

పైగా ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ చీటీ తీస్తుంటే ఒకమ్మాయి కుర్చీ దగ్గరికి వచ్చింది.

"అదీ... మా తాతయ్య..." అంటూ మొదలుపెట్టింది.

"తర్వాత చెబుదువుగాని. ఇంకా పదిహేను చీటీలు చూడాలి," అంది తను.

ఆ అమ్మాయిని క్లాసులో నిదానం అంటారు. మాట మాటకీ మధ్య ఆగి, ఆలోచించి మాట్లాడుతుంది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. చిటపటా అడగలేదు.

ఇప్పుడు నిదానం మూడో బెంచీలో కూర్చుని రబ్బరు మూలలు గిల్లుతోంది.

"మళ్లీ తగిలిస్తాను," అంది చిటపట. "ఇప్పుడే. అదే క్లిప్పుకి."

"పరవాలేదులే," అంది నిదానం. "తాతయ్యని రావద్దని... నిన్ననే చెప్పేశాను."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదు. అప్పటికే పెట్టెని శుభ్రంగా తుడిచి... గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ తీసుకెళ్లి... మంచం కిందికి తోసేశాడు."

ఆ పెద్దాయన ఎవరో, ఎలా ఉంటాడో చిటపటకి తెలియదు. కానీ మంచం కిందికి పెట్టెని తోస్తున్న చేతులు కనిపించాయి. వెనక వరసలో పెట్టె పట్టుకుని కూర్చున్న అమ్మ కూడా కనిపించింది. రెండూ ఒక్కటే. అమ్మకి జరగబోతే బడి పీకి పందిరేసిన తనే, ఇంకొకరి తాతయ్యకి అదే పని చేసింది. అదీ ఒకరోజు ముందే.

చిటపటకి మళ్లీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. కళ్లల్లో నీళ్లు వచ్చేశాయి.

టీచర్ బోర్డు వైపు చూసింది, అంతే. రూలు అక్కడే ఉంది, కింద గీతతో సహా.

"టైమెంత టీచర్?"

"మూడుంబావు."

"నిదానం వాళ్లింటికి వెళ్లొస్తాను. పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పాలని నేనే అన్నాను కదా."

ఇల్లు బడి వెనక రెండో సందులోనే. టీచర్ బడి ఆయమ్మని తోడిచ్చి పంపింది. దారి చూపించడానికి నిదానం వచ్చింది. లాయరు కూడా బయల్దేరాడు.

"నువ్వెందుకు?"

"పెట్టె మొయ్యాలిగా. అయినా ముద్దాయివి, లాయరు లేకుండా వెళ్తావా?"

చిటపటకి నవ్వు రాలేదు. వద్దని కూడా అనలేదు.

మేడ మీద చిన్న వాటా. తాతయ్య కిటికీ దగ్గర కూర్చుని గొడుగు ఊచకి దారం కడుతున్నాడు. సన్నటి మనిషి. వేళ్ల చివర్లు నల్లగా, అరిగిపోయినట్టు ఉన్నాయి.

"తాతయ్యా, ఈ అమ్మాయి..." అని నిదానం మొదలుపెట్టింది.

చిటపట నోటిదాకా మాట వచ్చింది. ఆపుకుంది. నిదానం తన వాక్యం తనే పూర్తి చేసేదాకా ఆగింది.

"...మా క్లాసు. నిన్న చీటీ తీసింది... తనే."

తాతయ్య గొడుగు పక్కన పెట్టాడు.

"ఓహో. నా పెట్టె పెట్టె కాదని తీర్పిచ్చిన మేధావివి నువ్వేనా?"

"నేనే తాతగారూ."

"నలభై ఏళ్లు దాని ముందు నిలబడి పనిచేశాను. అది పెట్టో కాదో నా మోకాళ్లనడుగు, చెబుతాయి!"

"తప్పు నాదే. చీటీ వెనక్కి తిప్పి చూడలేదు. మీ మనవరాలు చెప్పడానికొస్తే వినలేదు."

"ఏం? ఎందుకు వినలేదు?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆయన కళ్లు సూటిగా చూస్తున్నాయి.

"మెల్లగా చెబుతుందని," అంది చిటపట తల దించుకుని.

"మెల్లగానే చెబుతుంది. ఒక్క అక్షరం పొల్లు పోనివ్వదు. నేనలాగే పేర్చేవాణ్ణి, నాకు తెలుసు." తాతయ్య మళ్లీ గొడుగు అందుకున్నాడు. "సరే, తప్పన్నావు, విన్నాను. ఇక వెళ్లండి. నేను రాను. ఒకసారి కాదన్న చోటికి నేను పోను."

లాయరు వాదించడానికి నోరు తెరిచాడు. ఆయమ్మ వాడి భుజం నొక్కింది.

చిటపట మంచం వైపు చూసింది. కింద చీకట్లో చెక్క అంచు కనిపిస్తోంది.

"తాతగారూ, ఒక్కసారి చూడొచ్చా?"

ఆయన దారం ముడి బిగించాడు. నిదానం వెళ్లి బయటికి లాగింది. పెట్టె అంటే మూత ఉన్న పెట్టె కాదది. వెడల్పాటి పళ్లెంలా ఉంది. దాన్నిండా చిన్నా పెద్దా గదులు. నున్నగా అరిగిన చెక్క.

తాతయ్యకి ఊరుకోబుద్ధి కాలేదు. లేచొచ్చి వంగాడు.

"ఇదిగో, మధ్యలో ఈ గది చూశావా? ఇది ఇంగ్లీషు 'ఈ' అక్షరానిది. అన్నిటికన్నా పెద్దది. ఎందుకో తెలుసా?"

చిటపట బుర్రలో అప్పుడే మూడు జవాబులు పుట్టాయి. మూడూ నాలుక చివరికి పరిగెత్తుకొచ్చాయి. పళ్లు బిగపట్టి మూడింటినీ మింగేసింది.

"తెలీదు తాతగారూ. చెప్పండి."

ఆయన తలెత్తి ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. నిజంగానే వినడానికి నిలబడిందా, మర్యాదకి అడిగిందా అని చూసినట్టున్నాడు.

"ఇక్కడ చెప్పను. అక్కడే చెబుతాను," అన్నాడు. "చొక్కా మార్చుకోనీండి."

నాలుగింటికి క్లాసు నిండిపోయింది. అమ్మ ముందు వరసలో కూర్చుంది, ఒళ్లో ట్రయల్ కేస్ పెట్టుకుని. పొద్దున రెండోసారి మార్చి కట్టిన చీరే. ఏడో క్లిప్పుకి చీటీ ఉంది. పక్క క్లిప్పుకి లోయర్ కేస్ ఉంది.

లాయరు అమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది చెప్పాడు. ఎంత పొట్టిగా చెప్పాడంటే, వాళ్ల బాబాయి నమ్మలేక మళ్లీ చెప్పించాడు.

తాతయ్య వంతు వచ్చింది. ఆయనకన్నా ముందు చిటపట లేచి నిలబడింది.

"లోయర్ కేస్ చీటీని నిన్న నేనే తీసేశాను. చదవలేదు, అడగలేదు. ఇవాళ నా చీటీ పోయిందని అందరి మీదా అరిచాను. నేను చేసింది ఎవరికీ చెప్పలేదు. నాకే గుర్తు లేదు."

అమ్మ కూతురి వంకే చూస్తోంది. ముఖంలో కోపం లేదు. చిటపట అక్కడే ఏడ్చేసేదే, కానీ తాతయ్య పెట్టె బల్ల మీద టక్కున పెట్టాడు.

"ఆ చీటీ ఇలా ఇవ్వండి. మా పిల్ల ఏం రాసిందో నేనింకా చదవలేదు," అన్నాడు. చీటీని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు. "ఏమిటో, చీమల్లా ఉన్నాయి."

అమ్మ లేచింది. ట్రయల్ కేస్ తెరిచి, ఖాళీ ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టి, ఒక అద్దం దించింది.

"ఇది బాగుందా?" ఇంకోటి మార్చింది. "ముందుదా?"

"ముందుదే నయం."

"ఇప్పుడు?"

తాతయ్య చీటీ కదలకుండా పట్టుకుని చదువుతున్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. నిదానం బెంచీ చివర కూర్చుని రబ్బరుని గట్టిగా పట్టుకుంది.

"ఒక్క తప్పు లేదు," అన్నాడాయన చివరికి. పెట్టెని ముందుకి జరిపాడు. "పిల్లలూ, దగ్గరికి రండి. 'ఈ' గది ఎందుకు పెద్దదో చెబుతాను. ఇంగ్లీషులో ఆ అక్షరానికి ఉన్నంత పని ఇంకే అక్షరానికీ లేదు..."

రెండు నిమిషాలన్నది ఇరవై నిమిషాలైంది. ఎవరూ గడియారం చూడలేదు.

మర్నాడు తాడు పెద్ద కావలసిన అబ్బాయికి జ్వరం. "ఎవరుంటారు?" అని టీచర్ అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి చిటపటే ఎత్తింది, సగమే.

కుర్చీ ఎక్కి పెట్టె తాడు చూస్తూ వచ్చింది. చివర్లో కొత్త చీటీ ఉంది. పిల్లో కేస్.

దిండు గలీబు! గలీబు పెట్టె ఎలా అవుతుంది? ఎవరీ తెలివైనవాళ్లు? చెయ్యి దానంతటదే క్లిప్పు మీదికి వెళ్లింది. క్లిప్పు నోరు తెరిచింది కూడా.

చెయ్యి అక్కడే ఆగింది. క్లిప్పు మళ్లీ మూసింది. చీటీని తాడు మీదే ఉంచి మెల్లగా వెనక్కి తిప్పింది. కోడి గీతలు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఒరేయ్ లాయరూ, ఇది నీదేనా?"

"నాదే. తీస్తావా? తీసి చూడు!"

"తియ్యను. చెప్పు, వింటాను."

"నిజంగానా? అయితే మా అమ్మమ్మ కుట్టుమిషను కొన్నప్పటి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు మా అమ్మకి రెండేళ్లు..."

చిటపట కుర్చీ దిగి, అదే కుర్చీలో కూర్చుంది. తాడు మీద ఇంకా పన్నెండు చీటీలు మిగిలి ఉన్నాయి.

"ఊ," అంది. "తర్వాత?"